పైలట్ల సీనియారిటీ, మన కటింగ్ ఆర్డరు

(చెరకు రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట విమాన పైలట్ల గురించి మాట్లాడతామంటే పొద్దున టీ దగ్గరే కొందరు నవ్వారు. "నెలకు లక్షలు తీసుకునేవాళ్ళ బాధలు మనకెందుకండీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మనలో చాలామందిమి విమానాన్ని పొలంలో నిలబడి తలెత్తి చూసినవాళ్ళమే. కానీ రెండు కంపెనీలను ఒకటి చేసేటప్పుడు కింద పనిచేసేవాళ్ళ మధ్య తగువు ఎలా పుడుతుంది, ఆ తగువులో ఎవరు లాభపడతారు అన్నది తెలుసుకోవాలంటే పైలట్ల కథ కంటే మంచి పాఠం మాకు దొరకలేదు. ఇప్పుడు ఆ పాఠంతో మనకు అవసరం పడింది కూడా.

మన సంగతి అందరికీ తెలిసిందే. పక్క ఫ్యాక్టరీ, మన ఫ్యాక్టరీ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. ఈ సీజన్ నుంచి అక్కడ గానుగ ఆడదట, ఆ జోన్ చెరకు కూడా ఇక్కడికే తోలాలట. వాళ్ళకు ఇన్నాళ్ళూ రవాణా ఖర్చు ఫ్యాక్టరీ పెట్టుకునేది, మనకు ఆ సౌకర్యం లేదు. మన దగ్గర నాటిన తేదీని బట్టి కటింగ్ ఆర్డరు ఇస్తారు, వాళ్ళకు ఊళ్ళ వారీగా వంతు. రెండు పద్ధతులు, రెండు కమిటీలు, ఇక మీదట ఒకటే గానుగ. ముందు ఎవరి తోట కొట్టాలి? మార్చి దాటాక ఎండకు బరువు తగ్గి ఎవరి తోట ఎండిపోవాలి? యాజమాన్యం పిలిచినప్పుడు మేము వెళ్ళాము. "వాళ్ళ సంగతి మాకు వదిలేయండి, మీ జోన్‌కు మాత్రం అన్యాయం జరగనివ్వం" అన్నారు. సంతోషంగా తిరిగి వచ్చాము. వారం తరువాత తెలిసింది, ఆ జోన్ కమిటీని కూడా పిలిచి అక్షరం పొల్లు పోకుండా అదే మాట చెప్పారని.

ఇక పైలట్ల దగ్గరకు వద్దాం.

మన దేశంలో ప్రభుత్వానికి రెండు విమాన కంపెనీలు ఉండేవి. విదేశాలకు పెద్ద బోయింగ్ విమానాలు నడిపేది ఎయిర్ ఇండియా. దేశం లోపల, చుట్టుపక్కల దేశాలకు నడిపేది ఇండియన్ ఎయిర్‌లైన్స్. 2007లో కేంద్ర ప్రభుత్వం రెండింటినీ కలిపేసింది. కలిస్తే ఖర్చు తగ్గుతుంది, బలం పెరుగుతుంది అన్నారు. అంతకు ముందే రెండు కంపెనీలకూ కలిపి 111 కొత్త విమానాలు కొనాలని నిర్ణయించారు. ఎక్కువ భాగం అప్పు మీదే. కలిసిన తరువాత నష్టాలు ఏడాదికి ఐదు వేల కోట్లు దాటాయి. ఆ విమానాల కొనుగోలును, ఆ విలీనం చేసిన తీరును 2011లో కాగ్ తప్పు పట్టింది. ఈ నిర్ణయాల్లో దేనికీ పైలట్లు సంతకం పెట్టలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే తరువాత నష్టాల మాట వచ్చినప్పుడల్లా వేలు వాళ్ళ వైపే చూపించారు.

కంపెనీలు కలిసినా మనుషులు కలవలేదు. ఎయిర్ ఇండియా పైలట్ల సంఘం ఇండియన్ పైలట్స్ గిల్డ్. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లది ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. వీళ్ళ జీతాల లెక్క వేరు, వాళ్ళ జీతాల లెక్క వేరు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ సంపాదనలో పెద్ద భాగం ఎగిరిన గంటలను బట్టి వచ్చేది. కంపెనీ సర్వీసులు తగ్గిస్తే తప్పు తమది కాకపోయినా సంపాదన పడిపోయేది. ఒకే కంపెనీలో, ఒకే యూనిఫారంలో రెండు కొలతలు. ఈ లెక్క తేల్చకుండానే నాలుగేళ్ళు గడిపారు.

2011 ఏప్రిల్ చివరలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు సమ్మెకు దిగారు. సమాన జీతం కావాలన్నారు. నష్టాలకు కారణమైన నిర్ణయాల మీద విచారణ జరపాలని కూడా అడిగారు. ఆ రెండో కోరిక మాకు బాగా నచ్చింది, కానీ పేపర్లలో దాని గురించి పెద్దగా రాయలేదు. యాజమాన్యం ఏం చేసింది? సంఘం గుర్తింపు రద్దు చేసింది, సంఘం ఆఫీసులకు తాళం వేసింది, నాయకులను ఉద్యోగాల్లోంచి తీసేసింది. ఢిల్లీ హైకోర్టు సమ్మె విరమించమంది. పది రోజులు దేశంలోని ఎయిర్ ఇండియా సర్వీసులు చాలావరకు ఆగాయి. తీసేసినవాళ్ళను తిరిగి తీసుకుంటాం, జీతాల సంగతి కమిటీకి అప్పగిస్తాం అన్న మాట మీద మే 6న సమ్మె ముగిసింది. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ధర్మాధికారి అధ్యక్షతన కమిటీ వేశారు. రెండు కంపెనీల ఉద్యోగులను ఎలా కలపాలో చెప్పమన్నారు. కంపెనీలు కలిసింది 2007లో, ఎలా కలపాలి అని అడిగింది 2011లో. పెళ్ళయిన నాలుగేళ్ళకు జాతకాలు చూపించినట్టు!

ఆ కమిటీ నివేదిక 2012 మొదట్లో వచ్చింది. అప్పటికి కొత్త తగువు సిద్ధంగా ఉంది. డ్రీమ్‌లైనర్ అనే కొత్త పెద్ద విమానాలు రాబోతున్నాయి. వాటి మీద శిక్షణ ఎవరికి? రెండు వైపుల నుంచి సమానంగా పంపుతాం అంది యాజమాన్యం. ఎయిర్ ఇండియా వైపు పైలట్లు ఒప్పుకోలేదు. ఆ విమానాలు మా కంపెనీ కోసం ఆర్డరు చేసినవి, కెప్టెన్ కావడానికి ఏళ్ళ తరబడి ఎదురు చూస్తున్నాం, మా వంతులోకి వాళ్ళు వస్తే మేము ఎప్పటికి కెప్టెన్లమవుతాం అన్నారు. అవతలివాళ్ళు, కంపెనీ ఒకటే అయినప్పుడు మీ విమానాలు మా విమానాలు ఏమిటి అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మన కటింగ్ ఆర్డరు గొడవ కూడా ఇలాంటిదే. "ఈ గానుగ మా తాతల నాటి నుంచి మాది" అని ఇక్కడివాళ్ళం అంటాం. "మా గానుగ మూసింది మేము కాదు కదా" అని అక్కడివాళ్ళు అంటారు.

2012 మే మొదటి వారం దాటగానే ఈసారి గిల్డ్ పైలట్లు డ్యూటీకి రావడం మానేశారు. ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెట్టారు. మళ్ళీ అదే సినిమా. గుర్తింపు రద్దు, ఆఫీసులకు తాళాలు, నూరు మందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసివేత. చివరికి కొందరు ఢిల్లీలో నిరాహార దీక్ష కూర్చున్నారు. అప్పుడు విమానయాన మంత్రి ఎవరో తెలుసా? అజిత్ సింగ్. రైతు నాయకుడని దేశమంతా చెప్పుకునే చరణ్ సింగ్ గారి కొడుకు. తండ్రి పేరు మీద రైతుల ఓట్లు అడిగిన మనిషి. మంత్రి కుర్చీలో కూర్చున్నాక పైలట్లతో ముందు డ్యూటీకి రండి, తరువాత మాట్లాడదాం అన్నారు. మనకు కలెక్టరాఫీసు దగ్గర ఎన్నిసార్లు వినిపించిన మాట ఇది!

58 రోజులు సాగింది ఆ సమ్మె. విదేశీ సర్వీసులు బాగా దెబ్బతిన్నాయి, కానీ దేశంలోపలి విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. ఏడాది కిందట దేశంలోపలివి ఆగినప్పుడు విదేశీ సర్వీసులు చాలావరకు తిరిగాయి. ఒక చెయ్యి కట్టేస్తే రెండో చెయ్యి పనిచేస్తోంది, మరి యాజమాన్యానికి తొందర ఏముంటుంది? జులై 3న కోర్టు ముందు, డ్యూటీలో చేరతామని గిల్డ్ రాసి ఇచ్చింది. తీసేసినవాళ్ళ విషయం సానుభూతితో పరిశీలిస్తాం అన్న మాట తప్ప చేతికి ఏమీ రాలేదు.

మీలో ఒకరు నిన్న అడిగారు, ఇలాంటి తగువును పెద్దమనిషికి అప్పగించి తీర్పు చెప్పించుకుంటే పోదా అని. అమెరికాలో ఆ పని కూడా చేసి చూశారు. 2005లో అక్కడ యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అనే రెండు కంపెనీలు కలిశాయి. రెండు వైపుల పైలట్లూ ఒకే సంఘంలో ఉన్నారు. అక్కడ పైలట్‌కు సీనియారిటీ జాబితాలో నంబరే సర్వస్వం. ఏ విమానం నడపాలి, పండక్కి ఇంట్లో ఉండాలా వద్దా, కంపెనీ మనుషులను తగ్గిస్తే ముందు ఎవరు పోవాలి, అన్నీ ఆ నంబరును బట్టే. రెండు జాబితాలను ఒకటిగా ఎలా కలపాలో తేలక జార్జ్ నికొలావ్ అనే మధ్యవర్తిని పెట్టుకున్నారు. 2007లో ఆయన తీర్పు ఇచ్చారు. పెద్ద విమానాలు నడిపే యూఎస్ ఎయిర్‌వేస్ సీనియర్లను పైన పెట్టారు, మిగతావాళ్ళను రెండు వైపుల నుంచీ దామాషాలో కలిపారు. చేరిన తేదీని బట్టి కాదు. దాంతో 17 ఏళ్ళ కిందట చేరి, లే ఆఫ్‌లో ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్ ఒకాయన, అమెరికా వెస్ట్‌లో మొన్న మొన్న చేరిన కుర్రాడి కంటే కింద పడ్డాడు.

యూఎస్ ఎయిర్‌వేస్ వైపు పైలట్లు సుమారు 5 వేల మంది, అమెరికా వెస్ట్ వైపు 2 వేల లోపు. తీర్పుకు కట్టుబడతామని ముందు ఒప్పుకున్నవాళ్ళే, తీర్పు వచ్చాక కుదరదన్నారు. ఎక్కువ మంది వాళ్ళే కనుక 2008లో ఓటు పెట్టి పాత సంఘాన్ని దింపేసి కొత్త సంఘం తెచ్చుకున్నారు. తక్కువ మంది ఉన్న వైపువాళ్ళు సొంత సంఘం మీదే కోర్టుకు వెళ్ళారు. ఏళ్ళ తరబడి కేసులు. ఈలోగా ఉమ్మడి వేతన ఒప్పందం కుదరలేదు. కంపెనీ దివాలా తీసిన రోజుల్లో కోత కోసిన పాత జీతాలతోనే యూఎస్ ఎయిర్‌వేస్ వైపువాళ్ళు విమానాలు నడిపారు. 2013లో ఆ కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసేదాకా ఇదే పరిస్థితి. ఎనిమిదేళ్ళు! నంబరు కోసం కొట్లాడుకుంటూ ఎనిమిదేళ్ళ జీతం పోగొట్టుకున్నారు. ఓట్లు లెక్కపెడితే ఎక్కువ మంది ఉన్నవాళ్ళే గెలిచారు. మన జోన్‌లోనూ ఎకరాలు ఎక్కువ, రైతులు ఎక్కువ. చేతులెత్తించి తీర్మానం చేయిద్దాం అని మనలో కొందరు అంటున్నారు. అందుకే ఈ సంగతి ఇంత వివరంగా చెప్పాము.

మళ్ళీ మన దేశానికి వద్దాం. కోవిడ్ కాలంలో అలవెన్సులు కోసినప్పుడు గిల్డ్, అసోసియేషన్ కలిసి ఉత్తరాలు రాశాయి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళింది. 2023 ఏప్రిల్‌లో పైలట్లకు కొత్త కాంట్రాక్టు కాగితాలు వచ్చాయి. అంతకు ముందు నెలకు 70 గంటలకు గ్యారంటీగా వచ్చే ఫ్లయింగ్ అలవెన్సు 40 గంటలకు తగ్గింది. ఇంకొకటి చూడండి. కొన్నేళ్ళు కెప్టెన్‌గా చేసినవాళ్ళకు సీనియర్ కమాండర్ అని హోదా ఇచ్చి మేనేజ్‌మెంట్‌లో కలిపేశారు. పేరుకు ప్రమోషన్. కానీ మేనేజ్‌మెంట్ మనిషికి యూనియన్‌తో పనేముంటుంది? అనుభవం ఉన్నవాళ్ళందరినీ ఒక్క కాగితంతో సంఘం నుంచి బయటకు లాగడమే ఇది. ఊళ్ళో గట్టిగా మాట్లాడే రైతును పట్టుకుని ఫ్యాక్టరీ సలహా కమిటీలో వేసినట్టు.

అప్పుడు రెండు సంఘాలూ కలిసి, సంతకం పెట్టొద్దని సభ్యులకు చెప్పాయి. 1,500 మందికి పైగా పైలట్లు రతన్ టాటాకు అర్జీ పెట్టుకున్నారు. కలిసే నిలబడ్డారు, కానీ పదహారేళ్ళు ఆలస్యంగా. ఒక్కొక్కరూ సంతకాలు పెట్టేశారు. కథ అక్కడితో అయిపోలేదు. టాటాలకే మరో కంపెనీ ఉండేది, విస్తారా. దాన్నీ ఎయిర్ ఇండియాలో కలపబోతూ 2024లో అక్కడి పైలట్ల ముందు కూడా ఆ 40 గంటల కాగితమే పెట్టారు. వాళ్ళకూ అంతకు ముందు 70 గంటలే. ఏప్రిల్ మొదట్లో పైలట్లు చాలక విస్తారా విమానాలు పదుల సంఖ్యలో రద్దయ్యాయి, సెలవులు పెట్టేశారని పేపర్లు రాశాయి. నవంబరు 12న విలీనం మాత్రం అనుకున్నట్టే జరిగిపోయింది. ఒకరి దగ్గర తగ్గించిన కొలత తరువాతివాళ్ళకు అసలు కొలత అయి కూర్చుంది. పక్క జోన్ వాళ్ళకు రవాణా ఖర్చు ఎత్తేస్తే మనకు పోయేదేముంది అనుకునేవాళ్ళు ఇది ఆలోచించాలి. వాళ్ళకు ఉన్నది మనకూ కావాలని అడగాల్సిన సమయంలో, వాళ్ళకు పోతే పోనీ అనుకుంటున్నాం.

పైలట్లకూ మనకూ తేడా లేదని మేము అనడం లేదు. వాళ్ళకు ఒక కంపెనీ కాకపోతే మరొకటి ఉంటుంది. మన చెరకు పన్నెండో నెలలో పొలంలో నిలబడి ఉంటే వేరే చోటుకు ఎగిరిపోలేదు. తోలిన 14 రోజుల్లో డబ్బులివ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులో రాసి ఉన్నా, ఆ డబ్బు కోసం ఎన్నిసార్లు కేన్ ఆఫీసు చుట్టూ తిరిగామో మీకే తెలుసు. పైలట్ల కంటే మన చేతిలో పట్టు తక్కువ. వాళ్ళే విడిగా నిలబడి గెలవలేకపోతే మనం ఎక్కడ గెలుస్తాం?

కాబట్టి యాజమాన్యం దగ్గరకు ఇక విడిగా వెళ్ళం అని మన కమిటీ నిర్ణయించింది. వచ్చే ఆదివారం రెండు జోన్ల కమిటీలూ కూర్చుంటున్నాయి, రెండు వైపుల నుంచీ సమానంగా తొమ్మిదేసి మంది. మన వైపు సభ్యులు ఎక్కువ కదా, ఎక్కువ మంది ఉండాలి కదా అని అడిగారు. వద్దనుకున్నాం. కటింగ్ వరస మనలో మనం తేల్చుకుని, రాసుకుని, రెండు వైపులా సంతకాలు పెట్టుకున్నాకే ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వెళ్దాం. రవాణా ఖర్చు రెండు జోన్లకూ ఇవ్వాలన్నది ఉమ్మడి కోరిక. కార్శి తోటలు ముందా, ముందు నాటిన మొక్క తోటలు ముందా అన్న దగ్గర గట్టిగానే వాదన జరుగుతుంది, జరగనివ్వండి. ఆ వాదన కేన్ మేనేజరు ముందు మాత్రం వద్దు.

ఊరి కమిటీల కార్యదర్శులు శుక్రవారం లోపల తమ ఊళ్ళో ఎవరెవరికి ఎన్ని ఎకరాలు, మొక్క తోటా, కార్శి తోటా, ఎప్పుడు నాటారు అన్నది రాసి పట్టుకు రండి. ఫీల్డ్‌మన్ దగ్గర ఉన్న లిస్టు మీద ఆధారపడొద్దు. కౌలు చేసేవాళ్ళ పేర్లు ఆ లిస్టులో ఉండవు.