శిశుపాఠశాలలో బిడ్డలు నేర్చునది

 

మన సంఘపక్షమున శిశుపాఠశాల నొకటి నెలకొల్పవలెనను తీర్మానము నేడు ఈ మహాసభయెదుట నున్నది. ద్రవ్యమొసగ దలచిన దాతలును, బిడ్డలను పంపదలచిన తలిదండ్రులును మమ్మడుగుచున్న ప్రశ్న యొక్కటియే: మూడేండ్ల బిడ్డచేత అచ్చట అక్షరములు దిద్దింపరా? దానికి ప్రత్యుత్తర మిచ్చుటకే మేమిచట నిలిచితిమి.

జర్మనీదేశమున ఫ్రోబెల్ అను విద్యావేత్త 1837లో బ్లాంకెన్‌బర్గునందు చిన్నబిడ్డలకై యొక సంస్థను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరిడెను. శిశువుల తోట యని దాని యర్థము. తోటమాలి మొక్కకు నీరు పోయును, కలుపు తీయును. మొగ్గను మాత్రము వ్రేళ్లతో విప్పడు. ఫ్రోబెల్ బిడ్డల చేతికిచ్చినవి పుస్తకములు కావు. రంగురంగుల ఉన్నిబంతులు, కొయ్యదిమ్మలు. 1851లో ప్రష్యా ప్రభుత్వము ఈ పాఠశాలలను నిషేధించెను. మరుసటి యేడే ఆయన గతించెను. 1860లో గాని నిషేధము తొలగలేదు. బిడ్డల యాటను నాడు రాజ్యము శంకించినది. నేడు శంకించుచున్నవారము మనమే.

ఆ యాటలో నేమున్నది? దిమ్మలు పేర్చు బిడ్డ, గోపురము కూలినపుడు మరల పేర్చుచు లెక్కను, ఓర్పును నేర్చును. మట్టి పిసుకుటచే వ్రేళ్లకు బలము వచ్చును. రేపు బలపము పట్టుటకు వలసినది అదియే. పాటవలన ఉచ్చారణమును, కథవలన పదసంపదయు అలవడును. ఒక్క బంతితో పదుగురాడునపుడు తన వంతు వచ్చువరకు వేచియుండుట తెలియును. చాప చుట్టిపెట్టుట, చేతులు కడిగికొనుట, మొక్కలకు నీరు పోయుట యును పాఠములే.

ఇది మనకు పరాయి విద్య కాదు. గుజ్జనగూళ్లు, బొమ్మలపెండ్లి, చెమ్మచెక్క, అచ్చనగండ్లు మన లోగిళ్లలో ఈ పనియే చేసినవి. గిజుభాయి 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. మాంటిస్సోరీ విదుషి 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, మూడవయేటినుండి ఎనిమిదవయేటివరకు ఒక్క దశగా నేర్పరచి, దానికి ఆటనే పునాదిగా చెప్పినది.

అక్షరాభ్యాసము శుభకార్యముగా జరుగుగాక. అక్షరములు పాటలలోను, కథలలోను బిడ్డకు పరిచయమగుగాక. దినదినము పుటలకొలది దిద్దించి, చదువనిన భయము పుట్టింపవలదని మాత్రమే మా మనవి.

దాతలారా! మేడకంటె ముందు నీడగల ముంగిలి నిండు. బల్లలకు బదులు ఇసుకయు, దిమ్మలును, బొమ్మలును ఇండు. శిక్షణ పొందిన ఉపాధ్యాయినికి తగిన జీతము నిండు. మన కులమువారికే గాక పొరుగిండ్ల బిడ్డలందరికిని తలుపులు తెరచియుంచుడు. వంతు పంచుకొనుట నేర్పు బడికి అదియే తొలి పాఠము.

స్వస్తి.