సర్వే ప్రశ్నలు ఏఐ రాస్తే

కాలనీలో మంచినీళ్ల సరఫరాపై సర్వే చేయాలనుకోండి. చాట్‌జీపీటీని అడిగితే క్షణాల్లో పది ప్రశ్నలు రాసిస్తుంది. వాటిని గూగుల్ ఫామ్స్‌లో పెట్టి, వాట్సాప్‌లో లింకు పంపితే సరి. పంపేముందు మాత్రం ఒక్కసారి పైకి చదవండి. ‘నీళ్లు శుభ్రంగా, సమయానికి వస్తున్నాయా?’ అని ఉందనుకోండి. శుభ్రంగానే వస్తాయి, కానీ అర్ధరాత్రి రెండింటికి! అవునని నొక్కాలా, కాదనా? రెండు ప్రశ్నలుగా విడగొట్టమంటే అదే చేసిపెడుతుంది.

‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ వరకు ఐదు మెట్ల జవాబులంటే ఏఐకి మహా ఇష్టం. అమెరికా మనస్తత్వవేత్త రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రకటించిన పద్ధతి అది. నీళ్ల సంగతికి ‘రోజూ’, ‘రోజు విడిచి రోజు’ అనే జవాబులే నయం. ఇక స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వెళ్లాల్సిందే.