కరవు సీమలో తాజా చేప

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ పూట చేపల గురించి మాట్లాడమన్నారు. శాకాహారులు నన్ను మన్నించి, ఈ పది నిమిషాలూ వేరే పని చూసుకోవచ్చు.

మాది నరసాపురం. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర. మా ఇంట్లో చేపలు కొనడం కూడా ఒక పనేనని ఎవరూ అనుకునేవారు కాదు. పొద్దున్నే గంప వీధిలోకి వచ్చేది. అమ్మ గుమ్మంలో నించునే మొప్ప ఎత్తి చూసేది. బేరం అయిపోయేది. అలాంటి ఇంటినించి 1987లో నేను గార్లదిన్నె వచ్చిపడ్డాను. మావారికి కాలవల శాఖలో ఉద్యోగం. ఊరు తెలియని వారికోసం చెబుతాను: గుత్తికీ అనంతపురానికీ మధ్య, రైలుదారి మీదా పెద్దరోడ్డు మీదా ఉంటుంది. ఏడాది మొత్తానికీ 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా. తూర్పు సముద్రం రోడ్డుదారిన 300 కిలోమీటర్లకు తక్కువ లేదు, పడమటి సముద్రం ఇంకా దూరం. వచ్చిన కొత్తలో పక్కింటావిడను, "ఇక్కడ చేపలు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ముందు తాగేనీళ్ళు ఎప్పుడొస్తాయో అడుగమ్మా" అంది.

పుట్టింటినించి తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళతో, ఎండు రొయ్యలతో రెండు మూడేళ్ళు గడిపాను. కాని తడి చేప మీద మమకారం ఎండు చేపతో తీరదుగదా! ఒకనాడు పట్నం బజారులో "సముద్రం చేపలు, సముద్రం చేపలు" అని కేక వినిపించింది. చూస్తే కానాగంతలు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ధర కూడా సరిగా అడక్కుండా కిలో కొనేశాను. ఐసు కరిగి గంప అడుగున నీళ్ళుగా మిగిలి ఉంది. ఎండ నడినెత్తిన ఉంది. అవన్నీ చూశాను, చూడనట్టే ఊరుకున్నాను. ఇంటికి తెచ్చి మసాలా బాగా దట్టించి వేయించాను.

మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. తిన్న అరగంటకే వాడి మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి. ఒళ్ళంతా దురద, తలనొప్పి, రెండు వాంతులు. "చేప పడలేదు, ఇక జన్మలో పెట్టకు" అన్నారు ఇరుగుపొరుగు. డాక్టరుగారు మాత్రం వేరే మాట చెప్పారు. కానాగంత, తూర లాంటి చేపలు వెచ్చగా ఉండిపోతే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుందట. ఒకసారి పుట్టిందంటే ఎంత మరిగించినా, ఎంత వేయించినా పోదట. వాసన చూసినా ఒక్కోసారి తెలియదట. "పిల్లాడికి చేప పడకపోవడం కాదమ్మా, చేపే చెడిపోయింది" అన్నారు. తెల్లవారేసరికి వాడు లేచి ఆడుకున్నాడు. నాకు మాత్రం రాత్రంతా కునుకు లేదు. అంతవరకూ నేను "పులుసు తెర్లితే ఏ దోషమైనా పోతుంది" అనుకునే మనిషిని. మీలో కూడా అలా అనుకునేవాళ్ళు ఉంటారు. దయచేసి అనుకోవద్దు.

ఆ రాత్రి ఆలోచించుకుంటే నా తప్పు నాకు తెలిసింది. నాకు కావలసింది తాజా చేప అనుకున్నాను గాని, నేను కొన్నది మా ఊరి మీది బెంగను. చేప ఏ నీళ్ళలోది అన్నది తర్వాతి మాట. నీళ్ళు విడిచి ఎన్ని గంటలయింది, ఆ గంటలు ఎండలో గడిచాయా ఐసులో గడిచాయా అన్నదే ముందుమాట.

నవ్వొచ్చే సంగతేమిటంటే, మావారు రోజూ వెళ్ళి వచ్చేది నీళ్ళ దగ్గరికే. మా మండలంలోనే పెనకచర్ల దగ్గర పెన్న మీద మిడ్ పెన్నార్ డ్యాము ఉంది. హోస్పేట దగ్గరి తుంగభద్ర నీళ్ళు ఎగువ కాలవ వెంట వచ్చి అందులో చేరతాయి. కాలవకు నీళ్ళొచ్చిన ఏడు అక్కడ చేపలు పడతాయి. చుట్టుపక్కల చెరువులు నిండితే వాటిలోనూ పిల్లలను వదులుతారు. మావారికి ఇదంతా తెలుసు. చెప్పాలని తోచలేదట! మగవాళ్ళకు నీళ్ళంటే క్యూసెక్కులేగాని కూర కాదుగదా.

అక్కడ దొరికేవి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, అదృష్టం బాగుంటే కొర్రమీను. ఏటి ఒడ్డున పుట్టినదాన్ని, మొదట్లో చెరువు చేపలని చులకన చేశాను. తర్వాత తెలిసింది, ఈ బొచ్చె, శీలావతి అసలు ఈ చెరువులవి కానేకావు. గంగ, బ్రహ్మపుత్ర లాంటి పెద్ద నదుల చేపలు. వరద నీళ్ళలో తప్ప గుడ్లు పెట్టవు. నిలవనీళ్ళలో ఎంత పెరిగినా సంతానం ఉండదు. అందుకని పూర్వం నదుల్లో పిల్లలను ఏరి తెచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957లో ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు సూదిమందుతో వీటిచేత గుడ్లు పెట్టించాడు. ఆ పని జరిగిన జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ సూదిమందు పుణ్యమే నాబోటివాళ్ళు కరవు సీమలో తినే పులుసు.

సరే, చేప దొరికింది. మంచిదో కాదో ఎలా పోల్చుకోవాలి? మొప్ప ఎత్తితే ఎర్రగా, తడిగా ఉండాలి, గోధుమరంగు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి, నిగనిగలాడుతూ ఉండాలి. లోపలికి పోయి పాలరంగు తేలితే రోజులు గడిచాయన్నమాట. వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. పొలుసు చేతికి ఊడి రాకూడదు. కోసి ముక్కలు చేసి పెట్టిన చేపను, ఎవరు కోశారో ఎప్పుడు కోశారో తెలియకుండా కొనకండి. ముక్కకు మొప్పా ఉండదు, కన్నూ ఉండదు, ఇంక దేన్ని చూసి కొంటారు? ఇంటికి దూరమైతే ఒక డబ్బాలో ఐసు తీసుకుని వెళ్ళండి. మన ఎండలకు చేప ఎంత బరువో ఐసూ అంత బరువు ఉండాలి. గుప్పెడు ఐసుముక్కలు పైన చల్లి తెస్తే అది కంటితుడుపే.

ఈ చూపు నాకు అమ్మ దగ్గర కొంత అబ్బింది. మిగతాది మా ఊళ్ళో గంప దించే ఒకామె నేర్పింది. ఆమె నాతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. "ఈపొద్దు వద్దులేమ్మా, నిన్నటివి. రేపు తెల్లారి పట్టినవి తెస్తా" అని తిప్పి పంపిన రోజులున్నాయి. అలాంటి మనిషి దొరికితే పావలాకూ అర్ధకూ బేరమాడి పోగొట్టుకోకండి.

ఆమె దగ్గర బేరమాడి నేను సిగ్గుపడిన రోజు ఒకటుంది. 2002లో వానకాలం ముఖం చాటేసింది. ఆ శ్రావణంలో గంపలు గంపలుగా చేపలు వచ్చాయి. రెండేసి కిలోల బొచ్చెలు. ఎప్పుడూ లేనంత చవక. నేను సంబరంగా, "ఏమిటే, ఈ ఏడు చేపలు ఇంత బాగా పడుతున్నాయి! ఇంకో ఐదు రూపాయలు తగ్గించు" అన్నాను. ఆమె తూకం ఆపి నా మొహం చూసింది. "చెరువు ఎండిపోతాందమ్మా. నీళ్ళన్నీ ఒక గుంటలోకి వచ్చినాయి. చేపలు రాక ఏం జేస్తాయి?" అంది. అడిగిన ఐదూ తగ్గించింది కూడా. ఆ తర్వాత ఆమె నాకు కనబడలేదు. బెంగుళూరులో కట్టడాల పనికి పోయిందని చెప్పారు. ఊళ్ళో సగం మంది అలాగే పోయారు, చెనిక్కాయ పంట పోయిన రైతులతో సహా. మూడేళ్ళకు చెరువుకు నీళ్ళొచ్చాక తిరిగి వచ్చింది. అప్పటినించీ మా జిల్లాలో చేప చవకయిందంటే నాకు ముందు చెరువు గుర్తుకొస్తుంది, తర్వాతే పులుసు.

ఇక వంట. చెరువు చేపకు మట్టివాసన ఉంటుందని చాలామంది ముట్టరు. అది నిజమే. నీళ్ళలోని నాచు, మట్టిలోని సూక్ష్మజీవులు పుట్టించే వాసన అది. అడుగున మేసే ఎర్రమోసుకు కాస్త ఎక్కువ. పైనీళ్ళలో తిరిగే బొచ్చెకు తక్కువ. దీనికి మందు పులుపు. పులుపు తగిలితే ఆ వాసన విరిగిపోతుంది. ముక్కల పొట్టలోపలి నల్లపొరను గీకి తీసెయ్యండి. రాళ్ళ ఉప్పు, పసుపు వేసి రుద్ది మూడుసార్లు కడగండి. తర్వాత పుల్లటి మజ్జిగలో అరగంట ఉంచి మళ్ళీ కడగండి. మా అమ్మ ఇదంతా ఎందుకు చేసేదో అమ్మకు తెలియదు, చెయ్యడం మాత్రం తెలుసు.

కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టాలి. నేను మా గోదావరి పద్ధతీ ఇక్కడి పద్ధతీ కలిపేశాను. రెండు ఊళ్ళవాళ్ళూ ఒప్పుకోరనుకోండి! మూడు ఉల్లిపాయలు నూరి, వెడల్పాటి మట్టి దాకలో నూనెలో ఎర్రగా వేయించాలి. కారం, పసుపు, ధనియాల పొడి, ఉప్పు వేసి, చింతపండు పులుసు పొయ్యాలి. రెండు గుప్పెళ్ళ చెనిక్కాయ పప్పులు వేయించి, చిన్న ఎండుకొబ్బరి ముక్కతో మెత్తగా నూరి కలపాలి. ఇది ఇక్కడివాళ్ళు నేర్పింది. పులుసుకు చిక్కదనం వస్తుంది, చెరువు చేపకు లేని కమ్మదనమూ వస్తుంది. బాగా తెర్లాక ముక్కలు పరిచి, సన్నటి సెగ మీద పావుగంట ఉంచాలి. ఇంక గరిటె పెట్టకండి. దాకను రెండు చేతులా పట్టుకుని తిప్పండి చాలు. దించేముందు వేయించిన మెంతుల పొడి చిటికెడు, కొత్తిమీర. అన్నంలోకన్నా రాగి సంగటిలోకి బాగుంటుంది. ఈ మాట నరసాపురంలో అంటే మా అన్నయ్య ఒక పూట మాట్లాడలేదు.

మా చెల్లెలు అమెరికాలో, ఏ సముద్రానికీ అందని నడిమధ్య రాష్ట్రంలో ఉంటుంది. "అక్కయ్యా, ఇక్కడ అన్నీ గడ్డకట్టిన చేపలే" అని వాపోయేది. నేనన్నాను: "పట్టిన పడవలోనే గడ్డకట్టించిన చేప, కరిగించి కొట్టులో పరిచి 'తాజా' అని పలక పెట్టిన చేపకన్నా నయమే. ఫ్రిజ్ కింది అరలో పెట్టి రాత్రంతా మెల్లగా కరగనివ్వు. వేడినీళ్ళలో వేసి తొందరపడకు." సముద్రమే లేని చెక్ దేశంలో క్రిస్మస్ పండక్కి చెరువు చేపే వండుతారట. పండక్కి రెండు రోజుల ముందు బతికిన చేపను తెచ్చి స్నానాల తొట్టెలో వదిలేవాళ్ళూ ఉన్నారట. అది విని మా మనవరాలు మన ఇంట్లోనూ అలా పెంచుదామంది. తొట్టె నిండా నీళ్ళు పట్టే యోగం మాకు ఎన్నడుంది తల్లీ అన్నాను!

నిన్న సాయంకాలం గంపామె ఫోను చేసింది. రేపు తెల్లవారుజామున డ్యాములో వల దింపుతున్నారట. మావారికి చెప్పాను, ఐసు డబ్బా సిద్ధం చెయ్యమని. చింతపండు నేను నానబెట్టుకోవాలి.