ఒకరి రక్తం మరొకరికి

రక్తసంబంధం అంటే ఒక కడుపున పుట్టినవారి మధ్య ఉండేదని మన వాడుక. గడచిన నూరేండ్లలో వైద్యశాస్త్రం ఈ మాటకు వేరొక అర్థాన్ని తెచ్చిపెట్టింది. ఊరూ పేరూ తెలియని మనిషి నుంచి తీసిన రక్తం ప్రసవవేళ ఒక తల్లిని బ్రతికిస్తున్నది. ప్రమాదంలో నలిగిపోయిన కూలివానిని తిరిగి ఇంటికి పంపుతున్నది. తలసీమియా వ్యాధితో పుట్టిన పసివారు రెండు మూడు వారాలకొకసారి పరాయివారి రక్తం ఎక్కించుకొని పెరుగుతున్నారు. ఇంత మేలు చేసే వస్తువు ఒక్కొక్కప్పుడు కీడును కూడ మోసుకొని వస్తుంది. ఆ కీడు ఎటువంటిది, దానిని ఎంతవరకు అరికట్టగలిగారు అన్నదే నేటి ప్రసంగ విషయం.

రక్తంలో వర్గాలున్నవని 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ నిరూపించాడు. వర్గం కుదరని రక్తం ఎక్కిస్తే ఆ ఆపద అప్పుడే, వైద్యుని కళ్ళయెదుటనే బయటపడుతుంది. వైరసుల తీరు అది కాదు. దాత ఆరోగ్యవంతుడుగానే కనిపిస్తాడు. రోగి కోలుకొని ఇంటికి పోతాడు. రెండు మూడు నెలల తరువాత కండ్లు పచ్చబడితే, ఆనాడు ఎక్కించిన సీసా ఎవరికి జ్ఞాపకం వస్తుంది? ఏ పసరు మందు కోసమో పరుగెత్తుతారు. ఈ వ్యవధానం వల్లనే చాలకాలం రక్తానికీ కామెర్లకూ గల సంబంధం ఎవరికీ తట్టలేదు. 1942లో అమెరికా సైనికులకు పసుపు జ్వరం రాకుండా టీకాలు వేశారు. ఆ టీకా మందులో మనుష్యుల రక్తం నుంచి తీసిన ద్రవం కలిసి ఉన్నది. దాదాపు 50,000 మంది సైనికులు కామెర్లతో ఆస్పత్రుల పాలైనారు. మరుసటి ఏడు పాల్ బీసన్ అనే వైద్యుడు, రక్తం ఎక్కించిన ఒకటి నుంచి నాలుగు నెలలకు కామెర్లు వచ్చిన ఏడుగురి వృత్తాంతాన్ని ప్రకటించాడు. లెక్కకు ఏడుగురే గాని, వారితో దారి దొరికింది.

1960 తరువాతి దశకంలో బరూక్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో విచిత్రమైన పదార్థాన్ని కనుగొన్నాడు. అది హెపటైటిస్ బి వైరసు పైపొర అని పిమ్మట తేలింది. ఆయనకు 1976లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే ఈ కథలో నాకు అంతకంటె ముఖ్యమనిపించే సంగతి మరొకటి ఉన్నది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆస్పత్రిలో గుండె శస్త్రచికిత్స చేయించుకొన్నవారిని హార్వే ఆల్టర్ బృందం నెలల తరబడి వెంబడించి పరీక్షించింది. రక్తం ఎక్కించుకొన్నవారిలో నూటికి ముప్ఫైమందికి పైగా కాలేయ వ్యాధి సోకినట్లు బయటపడింది. ఆ రోజులలో అక్కడ రక్తంలో చాల భాగం డబ్బుకు అమ్మేవారి నుంచి వచ్చేది. 1970లో డబ్బు పుచ్చుకొనేవారిని మానిపించి, స్వచ్ఛందంగా ఇచ్చేవారి నుంచే తీసుకొనడం మొదలుపెట్టి, బి వైరసు పరీక్షను కూడ చేర్చారు. ఆ సంఖ్య దాదాపు పదికి దిగింది. కారణం కష్టమైనదేమీ కాదు. ఆకలికి రక్తం అమ్ముకొనేవాడు తన జబ్బును తానే ఎందుకు బయటపెట్టుకొంటాడు? చెబితే ఆనాటి కూలి పోతుంది.

మిగిలిన ఆ పది మంది మాట ఏమిటి? వారి వ్యాధి ఏ రకం కాదు, బి రకం కాదు. కనుక "ఏ కాదు, బి కాదు" అన్నదే దాని పేరైనది. ఆ పేరుతోనే పదునాలుగేండ్లు గడిచినవి. 1989లో మైకేల్ హాటన్ బృందం వైరసును పట్టుకొన్న పిమ్మట దానిని హెపటైటిస్ సి అన్నారు. ఆల్టరుకు, హాటనుకు, చార్లెస్ రైసుకు 2020లో నోబెల్ బహుమానం దక్కింది.

ఈలోగా 1981లో ఎయిడ్స్ వ్యాధి బయటపడింది. దాని వైరసును రక్తంలో పసిగట్టే పరీక్ష 1985లో వచ్చింది. మధ్యనున్న ఆ కొద్ది సంవత్సరాలలో హెమోఫీలియా రోగులు పడిన కష్టం చెప్పనలవి కాదు. వారికిచ్చే మందును వేలాది దాతల రక్తద్రవాన్ని ఒక్క తొట్టిలో కలిపి తయారు చేసేవారు. వేయిమందిలో ఒక్కని రక్తం చెడ్డదైనా తొట్టి అంతా చెడినట్లే. కడివెడు పాలకు ఒక్క ఉప్పుకల్లు చాలును గదా! బ్రిటనులో ఈ విధంగాను, రక్తం ఎక్కించడం వల్లను సుమారు 30,000 మందికి వైరసులు సోకినవనీ, సుమారు మూడు వేలమంది మరణించారనీ, ఆ ఆపదను చాలవరకు తప్పించి ఉండవచ్చుననీ 2024 మే నెలలో విచారణ సంఘం తేల్చి చెప్పింది. నిజం వెలికి రావడానికి నలభై ఏండ్లు పట్టింది.

మన దేశంలో హెచ్‌.ఐ.వి.ని మొదట 1986లో మద్రాసులో కనుగొన్నారు. 1989 నుంచి రక్తానికి ఆ పరీక్ష తప్పనిసరి అయినది. రక్తం అమ్ముకొనే వృత్తిని ఆపవలసిందని సుప్రీంకోర్టు 1996లో ఆదేశించగా, 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధమైనది. 2001లో హెపటైటిస్ సి పరీక్షను కూడ చేర్చారు. ఇప్పుడు ప్రతి సీసాకు హెచ్‌.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సవాయి వ్యాధి, మలేరియా, ఈ అయిదింటికీ పరీక్ష జరగాలి.

పరీక్షలు ఇన్ని ఉండగా ఇంకా భయమెందుకని మీరడగవచ్చు. వైరసు శరీరంలో ప్రవేశించిన నాటికీ, పరీక్షకు దొరికే నాటికీ మధ్య కొంత కాలం గడుస్తుంది. ప్రతిరోధకాలను చూచే పరీక్షలో హెచ్‌.ఐ.వి.కి సుమారు మూడు వారాలు, హెపటైటిస్ సి.కి రెండు నెలల వరకు పట్టవచ్చు. ఆ గడువులో ఇచ్చిన రక్తం పరీక్షకు నిర్దోషంగా కనిపిస్తుంది, రోగికి మాత్రం వ్యాధినిస్తుంది. వైరసు జన్యుపదార్థాన్నే వెదకే కొత్త పరీక్ష ఈ గడువును బాగా కుదిస్తుంది గాని పూర్తిగా తుడిచివేయదు. ఖరీదైనది గనుక అది అన్ని రక్తనిధులలోనూ జరగడం లేదు.

కాబట్టి యంత్రం చూడలేని ఆ కొద్దిరోజుల సంగతి తెలిసినవాడు దాత ఒక్కడే. రక్తనిధిలో అతనిచేత నింపించే ప్రశ్నల కాగితం ఉత్త తతంగమని చాలమంది అనుకొంటారు. నా ఉద్దేశంలో మొదటి పరీక్ష అదే. అయితే ఆ ప్రశ్నలను మనం ఎటువంటి స్థితిలో అడుగుతున్నాము? ఆస్పత్రిలో కోడలికి శస్త్రచికిత్స ఉన్నది. "రెండు సీసాలకు బదులు రక్తం ఇప్పించండి" అంటారు. ఇంట్లోవాళ్ళంతా మరిది వైపు చూస్తారు. అతడు లోపలికి పోతాడు, వరండాలో మామగారు, వదినగారి అన్నలు నిలబడి ఉంటారు. సిగ్గుపడవలసిన ప్రశ్నకు అతడు ఉన్నదున్నట్లు చెప్పి, రక్తం ఇవ్వకుండా బయటికి వచ్చి, ఎందుకివ్వలేదని వారడిగితే ఏమనాలి? "లేదు" అని గీత పెట్టేస్తాడు. డబ్బు ఆశ చేయించే పనిని ఇక్కడ మొహమాటం చేయిస్తున్నది. అమ్మకాన్ని నిషేధించాము గాని, ఈ మొహమాటాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు.

2018లో తమిళనాడు విరుదునగర్ జిల్లాలో జరిగినదాన్ని వినండి. ఒక యువకుడు బంధువు కోసం రక్తమిచ్చాడు. కొద్ది రోజులకు విదేశీ ఉద్యోగానికై పరీక్ష చేయించుకొంటే హెచ్‌.ఐ.వి. ఉన్నట్లు తెలిసింది. అతడు దాచిపెట్టలేదు, తానే పోయి సంగతి తెలియజేశాడు. అప్పటికే ఆ రక్తాన్ని ఒక గర్భవతికి ఎక్కించారు, ఆమెకు వ్యాధి సోకింది. ఆ కుర్రవాడు అది భరించలేక ప్రాణం తీసుకొన్నాడు. అంతకు రెండేండ్ల క్రితమే ఒక శిబిరంలో అతడిచ్చిన రక్తంలో దోషం కనిపించిందనీ, ఆ కబురు అతనికి చేరలేదనీ తరువాత బయటపడింది. ఆ తల్లికి పుట్టిన బిడ్డకు వ్యాధి రాలేదన్నది ఒక్కటే ఊరట. రక్తభద్రత అంటే రోగి రక్షణ మాత్రమే అనుకోరాదు. దోషమున్నదని తెలిసిన రక్తాన్ని పారవేసి, దాతకు చెప్పకపోవడం సగం పనే. హెపటైటిస్ సి నేడు చాలమందికి సుమారు మూడు నెలల మాత్రలతో నయమవుతున్నది. హెచ్‌.ఐ.వి. ఉన్నవారు మందులతో దీర్ఘకాలం జీవిస్తున్నారు. బి రకానికి టీకా ఉన్నది. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని తయారుచేసి ధర దిగివచ్చేటట్లు చేసింది. చెబితే బాగుపడే మనిషికి చెప్పకుండా ఉండడమెందుకు?

ఇక రక్తమివ్వడం వల్ల దాతకు జబ్బులు వస్తాయన్న భయానికి ఆధారం లేదు. సూది కొత్తది, సంచి కొత్తది, ఒకరికి వాడినది మరొకరికి వాడరు. పదునెనిమిదేండ్లు నిండి ఆరోగ్యంగా ఉన్న పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. ఎవరూ ఆస్పత్రిలో లేని రోజున, ఎవరి బలవంతమూ లేకుండా పోయి ఇచ్చేవాడే ఆ ప్రశ్నలకు నిర్భయంగా జవాబు చెప్పగలడు. మీ ఇంట ఎవరికైనా రక్తం ఎక్కించాలంటే, అది అవసరమా, వేరే మందుతో గడవదా అని వైద్యుని అడగడానికి సంకోచించకండి. ఒక్క సీసాతో సరిపోయేచోట రెండు ఎందుకు? రక్తమిచ్చిన తరువాత రక్తనిధి నుంచి ఫోనుగాని ఉత్తరంగాని వచ్చి, ఒకసారి రమ్మంటే ఆ వారంలోనే వెళ్ళండి. ఇచ్చినవారం మళ్ళీ ఏమిటని విసుగుకొని ఉత్తరాన్ని చూరులో దోపవద్దు.