పుస్తకం చుట్టూ పదిమంది
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిమెట్లు ఎక్కని ఒక యువతి, చదువుకొంటున్న తమ్ముని ప్రక్కన కూర్చుని చదువు నేర్చుకొన్నది. ఆమె భండారు అచ్చమాంబ. ఆ తమ్ముడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. వారి చదువు సాగినది నాగపూరు ప్రాంతంలో. ఇంటి వెలుపల వినిపించేది అన్యభాష. లక్ష్మణరావుగారు మరాఠీలోనూ వ్యాసాలు వ్రాసిన పండితులు. అయినా ఆ ఇంట తెలుగు వెనుకబడలేదు. స్త్రీల జీవిత చరిత్రలతో 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను వ్రాసిన అచ్చమాంబగారు, 1902లో 'ధనత్రయోదశి' కథను కూడా వ్రాశారు. ఇద్దరు కలిసి చదివిన చదువు ఒక జాతికి ఉపకరించినది. పఠనగోష్ఠికి అంతకన్న చిన్న రూపం ఉండదు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది. దాని స్థాపకులలో లక్ష్మణరావుగారు ముఖ్యులు. ఆనాడు నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. ప్రజలలో తెలుగువారే అన్నిటికన్న పెద్ద భాషావర్గమైనా, తెలుగు చదువుకు ప్రోత్సాహం తక్కువ. అట్టి స్థితిలో గ్రంథాలయం పుస్తకాలు దాచే గది మాత్రమే కాలేదు. తెలుగువారు కూడి చదివి, మాట్లాడుకొనే చోటు అయినది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. అట్టి సమాధానం ఒక్కరోజులో పుట్టదు. చదివి చర్చించుకొనే సమాజంలోనే పుడుతుంది.

పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళిన ఉదాహరణ కూడా ఉన్నది. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపించారు.

ఇక తమిళనాట స్థితి విచారించవలసి ఉన్నది. స్వతంత్ర భారతంలో తొలి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలోనే వచ్చినది. దాని వెనుక ఎస్.ఆర్. రంగనాథన్‌గారి కృషి ఉన్నది. ఆస్తిపన్నుపై విధించే గ్రంథాలయ పన్నుతో పౌరగ్రంథాలయాలు నడుస్తాయి. ఆ పన్ను తెలుగు గృహస్థు కూడా చెల్లిస్తాడు. అయితే తెలుగు పుస్తకం అడిగేవారు లేనిచోట, తెచ్చిపెట్టే గ్రంథపాలకుని మాత్రం తప్పు పట్టగలమా? అడగని పుస్తకానికి బీరువాలో చోటు నిలవదు.

2006 నాటి చట్టం ప్రకారం తమిళనాట పాఠశాలల్లో 1వ తరగతి మొదలుకొని క్రమంగా తమిళం నిర్బంధ పాఠ్యాంశమైనది. నివసించే నేల భాషను నేర్చుకొనడం అవసరమే, గౌరవమే. కాని తెలుగుకు బడిలో దొరికే వేళ తగ్గినది. ఇంట తెలుగు మాట్లాడే పిల్ల, అమ్మమ్మ వ్రాసిన ఉత్తరం చదువలేని స్థితి వస్తే, ఆ లోటు తీర్చవలసిన చోటు ఏది? బడి ఒక్కటే ఆ భారం మోయలేదు. ఇల్లు, బడి, పౌరగ్రంథాలయం మూడూ కలిస్తేనే సాధ్యం.

అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. గ్రంథపాలకుని అనుమతితో, ఇతర పాఠకులకు ఇబ్బంది కలుగని గదిలో, నెలకు ఒక ఆదివారం, ఒక గంట చాలు. తాతలు, తల్లులు, పిల్లలు కలిసి పదిమంది కూర్చొనవలె. ఒకరు పైకి చదవవలె, తక్కినవారు వినవలె. గురజాడవారి 'దిద్దుబాటు' (1910) వంటి చిన్నకథతో ఆరంభించవచ్చును. భర్తను దారికి తెచ్చుటకు పుట్టింటికి పోతున్నట్లు ఉత్తరం వ్రాసి దాగిన కమలిని చేసినది న్యాయమా? తండ్రి ఒకటి అంటాడు, కూతురు వేరొకటి అంటుంది. ఇద్దరూ కథలోని వాక్యం చూపి మాట్లాడితే, అదే చదువు. తెలియని మాటకు పెద్దలు తమ ఊరి మాట చెప్పగలరు. పాఠ్యపుస్తకంలో లేని ఆ మాటలను ఒక పిల్ల నోటుపుస్తకంలో వ్రాసి ఉంచవలె. లేచే ముందు ప్రతి సభ్యుడూ ఒక తెలుగు పుస్తకం తన పేర వ్రాయించుకొని పోవలె. గ్రంథాలయ రిజిస్టరులోని ఆ వరుసలే తెలుగు బీరువాకు రక్షణ.

దీనివల్ల మార్కులు వస్తాయా అని తల్లిదండ్రులు అడుగుట సహజం. మార్కులు రావు. ఒక అభిప్రాయాన్ని నిలబెట్టి చెప్పడం, ఎదుటివారిది విని మార్చుకొనడం వస్తాయి. అవి ఏ భాషలో నేర్చినా అన్ని భాషల్లోనూ పనికివస్తాయి.

ఈ బడిలో ఓనమాలు దిద్దిన పూర్వ విద్యార్థులు అనేక వీధులలో స్థిరపడి ఉన్నారు. వారిలో ప్రతి పదిమందీ తమ వీధి గ్రంథాలయంలో ఒక గంట కూర్చుంటే, ఈ ఉత్సవానికి అంతకంటె మంచి కానుక లేదు. వచ్చే నెల మొదటి ఆదివారమే అందుకు శుభముహూర్తం.