వేళ్ళకు తెలిసిన విద్య
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



చేతివృత్తుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము ఎన్నుకున్న ఉదాహరణ కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. అది స్పెయిన్ దేశంలో చేతితో చేసే గిటారు. సంగీతం విషయంలో మన ఉలమాలలో అభిప్రాయభేదాలున్నవి. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు, ఆ జోలికి పోము. మేము మాట్లాడేది కర్ర గురించి, ఆ కర్ర పట్టిన చేతుల గురించి మాత్రమే.

స్పెయిన్ అంటే మనకు అందలూస్. 822లో జిర్యాబ్ అనే విద్వాంసుడు కార్డోవా నగరం చేరి, ఊద్ వాద్యానికి ఐదవ తీగ చేర్చాడని చరిత్రకారులు రాశారు. అరబ్బీలో ఊద్ అంటే కర్ర. యూరపువారి ‘ల్యూట్’ అనే మాట ఈ ‘అల్ ఊద్’ నుండి పుట్టిందే. అయితే గిటారు ఊద్‌కు సొంత బిడ్డ కాదు. ఊద్ వీపు బొర్రగా ఉంటుంది, గిటారు వీపు ఇంచుమించు చదును. ఈనాటికీ గ్రనాడాలో అల్‌హంబ్రా కోటకు ఎక్కిపోయే గోమెరెజ్ వీధి గిటారు పనివాళ్ళకు పేరుపడినది.

ఇప్పటి క్లాసికల్ గిటారుకు రూపమిచ్చినవాడు అంతోనియో దె తోర్రెస్. 1817లో అల్మెరియా దగ్గర పుట్టాడు. చిన్ననాడే వడ్రంగం నేర్చాడు. గిటారు పొట్టను పెద్దది చేసి, మోగే తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లుగా కుదిర్చాడు. పైపలక స్ప్రూస్ కర్ర. మందం 2, 2.5 మిల్లీమీటర్లకు మించదు. ఆ పలుచని పలక ఆరు తీగల లాగుడుకు ఆగాలి, మళ్ళీ స్వేచ్ఛగా అదరాలి కూడాను. అందుకని లోపలివైపు ఏడు సన్నని బద్దలను విసనకర్ర ఈనెల్లాగా పరచి అతికించాడు. ఈ పద్ధతి అంతకుముందే ఉన్నా, దానిని ఒక కుదురుకు తెచ్చినవాడు ఇతడే.

నాదం పైపలకలోనే ఉన్నదని నిరూపించడానికి 1862లో ఒక విచిత్రమైన గిటారు చేశాడు. పైపలక మాత్రం మంచి స్ప్రూస్, పక్కలూ వీపూ అట్టవి! అది బార్సిలోనా సంగీత మ్యూజియంలో భద్రంగా ఉన్నది.

పని తీరు చూడండి. పక్క బద్దలను తడిపి, కాలిన ఇనుప గొట్టంమీద మెల్లగా వంచుతారు. తొందరపడితే పగులుతుంది. మెడ కర్రలో గాడి కోసి, పక్కలను అందులో దూర్చి, మెడనూ పెట్టెనూ ఒకటిగా కడతారు. పైన లక్క పాలీషు గుడ్డ ఉండతో పూత మీద పూతగా రుద్దుతారు. వీపుకూ పక్కలకూ బ్రెజిల్ రోజ్‌వుడ్ ప్రసిద్ధి. 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారం నిషేధించారు. అంతకు చాలా ముందునుండే మన దక్షిణాది అడవుల రోజ్‌వుడ్, అంటే మనం జిట్రేగి అనేది, ఆ పనివాళ్ళ బల్లలు ఎక్కింది.

తోర్రెస్‌ను రహస్యం ఏమిటని అడిగితే, అది తన బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రమే తెలుసుననీ, తనతోబాటే సమాధికి పోతుందనీ చెప్పినట్లు అతన్ని ఎరిగిన ఒక మతగురువు రాశాడు. తోర్రెస్ 1892లో చనిపోయాడు. అతని గిటార్లను విప్పి, కొలిచి, ఎంతోమంది పని నేర్చారు. కొలతలు దొరికాయి. ఆ వేళ్ళు దొరకలేదు.

ఈ మాట మాకు ఎందుకు తగిలిందంటే, మా అబ్బా కూడా వడ్రంగమే చేసేవారు. పలకను వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని, “ఇది ఇంకా పచ్చిగా ఉంది” అనేవారు. మేము నవ్వేవాళ్ళం. మమ్మల్ని చదివించారు, మేము ఉద్యోగాలకు పోయాము. ఆయన పక్కన కూర్చొని ఒక్క పూటైనా చిత్రిక పట్టలేదు. ఆయన బాడిస మా ఇంట్లో ఉన్నది. ఆ తెలివి మాత్రం ఆయనతోనే ఖబరుకు పోయింది. చదువు మానుకోవాలని మేము అనము. చదువుకున్నవాడు చేతిపనిని చులకన చేయరాదని అంటున్నాము, అంతే.

జకరియా (అలైహిస్సలాం) వడ్రంగి అని హదీసులో ఉన్నది. దావూద్ (అలైహిస్సలాం) తమ చేతి కష్టంతోనే భుజించేవారని ఉన్నది. ప్రవక్తలు చేసిన పని మన పిల్లలకు నామోషీ ఎట్లా అవుతుంది?

కనుక మా మనవి ఒక్కటే. సంఘం ఇచ్చే విద్యార్థి వేతనాలలో ఒక్కటైనా, ఒక ఉస్తాద్ దగ్గర కూర్చొని పని నేర్చుకునే పిల్లవానికి కేటాయించండి. ఆ ఉస్తాద్‌కు కూడా కొంత గౌరవ వేతనం ఇవ్వండి. పెద్దల చేతులు ఆడుతుండగానే పిల్లల చేతులు వాటి పక్కకు చేరాలి. తర్వాత కొలతలు మాత్రమే మిగులుతాయి.

అల్లాహ్ మనందరి చేతి కష్టంలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాము.