గైడు సంతకం, పరిశోధకురాలి మౌనం
(ప్రసంగ పాఠం)



ఫ్యాక్టరీలో, ఆఫీసులో జరిగితే లైంగిక వేధింపు అని గుర్తుపట్టే మనం, విశ్వవిద్యాలయంలో జరిగితే 'గురుశిష్యుల చనువు' అనేస్తాం. రాత్రి పదిగంటలకు ఫోన్లు, అధ్యాయం చూస్తానంటూ ఇంటికి రమ్మనడం, ఫీల్డ్‌వర్క్‌లో ఒకే గది తీసుకుందామనడం, అన్నీ ఆ చనువు ఖాతాలోకే పోతాయి.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగేవారు ఒక్క సంగతి ఆలోచించాలి. ఫెలోషిప్ కాగితం మీద, ప్రోగ్రెస్ రిపోర్టు మీద, చివరికి థీసిస్ మీద గైడు సంతకం కావాలి. ఉద్యోగిని ఇంకో ఆఫీసుకు బదిలీ అడగవచ్చు. నాలుగేళ్ల పరిశోధనను ఎక్కడికి బదిలీ చేస్తాం? ఇంట్లో మొదటిసారి చదువుకున్న దళిత, ఆదివాసీ అమ్మాయికి ఆ ఫెలోషిప్పే మెస్ బిల్లు, ఊరికి పంపే డబ్బు. ఆమె మౌనం సమ్మతి కాదు.

రాజస్థాన్‌లో 1992లో భన్వరీదేవిపై జరిగిన అత్యాచారం తర్వాత మహిళా సంఘాలు వేసిన వ్యాజ్యంలో 1997లో విశాఖ తీర్పు వచ్చింది. ఆ తర్వాత 2013 చట్టం, విశ్వవిద్యాలయాలకు 2015 యు.జి.సి. నిబంధనలు వచ్చాయి. విచారణ ముగిసేదాకా ఫిర్యాది పనిని నిందితుడు మూల్యాంకనం చేయకుండా ఆపే వీలు వాటిలో ఉంది. మనం ముందుగా పట్టుబట్టవలసింది దీనికే. మరో గైడును ఇవ్వాలి, ఫెలోషిప్ ఆగదని రాతపూర్వకంగా చెప్పాలి. అప్పుడే ఆమె నోరు విప్పగలుగుతుంది.

రెండోది, విచారణ పద్ధతి. గోవా విశ్వవిద్యాలయంలో 2009లో విద్యార్థినులు ఫిర్యాదు చేస్తే ఒక విభాగాధిపతిని ఉద్యోగం నుంచి తొలగించారు. కమిటీ విచారణను హడావిడిగా ముగించిందనీ, ఆయన వాదన చెప్పుకోడానికి తగిన అవకాశం ఇవ్వలేదనీ సుప్రీంకోర్టు 2023 మేలో ఆ తొలగింపును రద్దుచేసి, మళ్లీ విచారించమంది. కమిటీ తొందరపాటుకు మూల్యం చెల్లించింది ఆ విద్యార్థినులే. పద్నాలుగేళ్ల తర్వాత విషయం మళ్లీ మొదటికొచ్చింది.

కమిటీలో బయటి సభ్యులుగా కూర్చునేది మనలాంటి సంస్థల వాళ్లమే. యాజమాన్యం పెట్టిన కాగితం మీద సంతకం చేసి రావడానికి కాదు మనం వెళ్లేది. మూడు నెలల ఫిర్యాదు గడువును తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పెంచవచ్చని గుర్తుచేయాలి. ఇద్దరి వాదనా పూర్తిగా వినాలి, ప్రతి సమావేశాన్నీ నమోదు చేయించాలి. ఈలోగా ఆమె పరిశోధన ఒక్కరోజు కూడా ఆగకుండా చూడాలి. డిగ్రీ చేజారాక దక్కే తీర్పు ఆమెకు సగం న్యాయమే.